పద్నాలుగు చలువపలకలు

మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చలితో చచ్చిపోయిన మనిషిని మీరెవరైనా చూశారా? నేను చూశాను. నా చెల్లెలు స్వరూప. ఆ రోజు గోదావరిఖనిలో ఎండ నలభై ఆరు డిగ్రీలు. రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటోంది. దాని గది తలుపు తోసుకుని వెళ్లి చెయ్యి పట్టుకుంటే, ఐసు పెట్టెలోంచి తీసిన సీసాలా తగిలింది. పెదవులు నీలంగా ఉన్నాయి. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, ఇంట్లో ఉన్న ఒక్క దుప్పటీ ఒంటికి చుట్టుకుని, ముడుచుకుని పడుకుని ఉంది.

డాక్టరు వచ్చాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు, నాడి చూశాడు, కాగితం మీద 'వడదెబ్బ' అని రాసేశాడు.

"సార్, జర ఒళ్లు పట్టి చూడున్రి. మంచులెక్క ఉన్నది" అన్నాను.

"పానం పోయినంక ఎవరి ఒళ్లయినా సల్లగనే ఉంటదమ్మా. పొద్దటి సంది ఇది ఆరో కేసు" అని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆయన్ని నేను తిట్టుకోలేదు. ఆ ఎండలో ఎవరైనా అదే రాస్తారు. కానీ నాకు తెలుసు, దాన్ని చంపింది ఎండ కాదు. దాని మంచం వెనక గోడలో బిగించిన నాలుగు చలువపలకలు. నాకెలా తెలుసంటారా? ఆ పలకలు అమ్మే కంపెనీలో ఇళ్లు కొలిచే ఉద్యోగం నాదే. నా పేరు భూలక్ష్మి. శిశిర గృహోపకరణాలలో పదకొండేళ్ల సర్వీసు.

చలువపలక అంటే గడపంత పొడుగు, రెండంగుళాల మందం ఉన్న నల్లటి దిమ్మ. ఫ్యాను లేదు, గ్యాసు లేదు, కరెంటు అక్కర్లేదు. మూత తీసి గోడలో పెడితే గదిలో వేడిని తాగుతుంది. చలికాలం వచ్చాక తిప్పి పెడితే, తాగిన వేడిని మెల్లగా కక్కుతుంది. మా యజమాని విద్యాధర్ కనిపెట్టాడు. మంచి వస్తువే. కాదని నేను ఈ రోజుకీ అనను. కాకపోతే దానికో గుణం ఉంది. దానికి స్విచ్ లేదు. ఒక్కో పలకకు రోజుకు ఇంత వేడి అని కోటా ఉంటుంది. ఆ కోటా నిండేదాకా అది ఊరుకోదు.

అందుకే ఇంటికి తగ్గ సైజు పెట్టాలి. తక్కువైతే ఉక్కపోస్తుంది, అంతే. ఎక్కువైతే ఏమవుతుందో మాకు ట్రైనింగులో చెప్పలేదు. "మనిషంటే నడిచే పొయ్యి. ఒక్కో మనిషి ఒంట్లోంచి పాతకాలం వంద వాట్ల బల్బు అంత వేడి వస్తుంది" అని మాత్రం నేర్పారు. గది పొడవు, వెడల్పు, పైన రేకులా స్లాబా, పడమటి కిటికీ, వంటపొయ్యి, మనుషులు, అన్నీ కొలిచి ఎన్ని పలకలో లెక్క కట్టాలి.

మనుషుల దగ్గరే వచ్చింది తంటా. కంపెనీ ఫారంలో ఆ గడి పక్కన 'రేషన్ కార్డు ప్రకారం' అని అచ్చేసి ఉంటుంది. కార్డులో ఉన్న పేర్లన్నీ ఇంట్లో ఉండే మనుషులేనని మన దగ్గర చిన్న పిల్లలు కూడా నమ్మరు కదా! స్వరూప వాళ్ల కార్డులో ఆరు పేర్లు. మామ పోయి మూడేళ్లయింది. అత్త కూతురి దగ్గర ఉంటుంది, ఆ కూతురిని మంచిర్యాలకు ఇచ్చారు. మరిది సూరత్ మిల్లులో ఉన్నాడు. మొగుడు లారీ ఎక్కితే వారం దాకా దిగడు. ఒక్క పేరు కూడా ఎవరూ కొట్టేయించరు, బియ్యం తగ్గుతాయి. స్వరూప ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు. పగలు తలుపులన్నీ మూసుకుని పడుకుంటుంది. ఆ ఇంట్లో పగటిపూట మండే పొయ్యి అదొక్కతే.

నేను రెండు పలకలని రాశాను. ఆఫీసు కార్డు చూసి నాలుగు చేసింది. స్వరూప సంబరపడిపోయింది. "ఉండనీయక్కా, పెద్దదైతే ఏంది? ఎండలు చూస్తున్నవ్ గదా!" అంది. నేనూ పోనీలే అనుకున్నాను. ఆ 'పోనీలే' అన్న నోటిని నేను ఎన్నిసార్లు కొట్టుకున్నానో లెక్కలేదు.

దినకర్మలు అయ్యాక నేను ఏడవడం మానేశాను. కంపెనీ టెస్టింగ్ షెడ్డులో స్వరూప గది కొలతకు సరిపోయే గది ఒకటి ఉంది. అందులో నాలుగు పలకలు పెట్టించాను. ముందు ఒక బకెట్టు మరిగే నీళ్లు పెట్టి తలుపు వేశాను. అరగంటకు నీళ్లు చల్లారాయి. గంటకు పైన మంచు పెంకు కట్టింది. షెడ్డు చూసుకునే ఐలయ్యన్న నోరు తెరిచాడు.

"ఇప్పుడు నేను పోయి కూసుంటా. నలభై నిమిషాలకు తలుపు తియ్యి. నేను వద్దన్నా తియ్యి" అన్నాను.

"పిచ్చా నీకు, భూలక్ష్మీ?"

"పిచ్చే అన్నా. తలుపు మాత్రం తియ్యి."

నోట్లో థర్మామీటరు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. తొంభై ఎనిమిది. పావుగంటలో వణుకు మొదలైంది. ఇరవై అయిదో నిమిషానికి తొంభై అయిదు. ఆ తర్వాత వణుకు ఆగిపోయింది. అది ఆగడమే భయంకరం. ఒళ్లంతా హాయిగా అనిపించింది. పడుకుంటే బాగుండు అనిపించింది. నా చెల్లెలు కూడా ఇలాగే హాయిగా ఒరిగిపోయిందన్నమాట అనుకున్నాను. ఐలయ్యన్న తలుపు తీసి లాగకపోతే నేనూ ఒరిగేదాన్నే. బయట ఎండలో కూలబడి చూస్తే తొంభై మూడున్నర.

ఎప్పుడొచ్చాడో, విద్యాధర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ తెల్ల చొక్కా, మాట మెత్తన. నా పెదవులు చూశాడు, గదిలోకి తొంగి పలకలు లెక్క పెట్టాడు. ఎందుకు కూర్చున్నావని అడగలేదు. ఏమైంది అని అడగలేదు. ఒక్క మాట అన్నాడు.

"ఇది రిజిస్టర్లో ఎక్కించకు, భూలక్ష్మీ. మేం మూడేళ్ల కిందనే చూసినం ఇది."

మూడేళ్లు! నా చెల్లెలి గోడలో పలకలు బిగించి నలభై రోజులు. వీడికి మూడేళ్లుగా తెలుసు. నా గుండెలో అప్పటిదాకా ఉన్నది దుఃఖం. ఆ క్షణాన అది వేరే ఏదో అయింది. దాన్ని నేను దాచుకుని, "అట్లనే సార్" అన్నాను. స్వరూప నా చెల్లెలని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు వేరు, నేను చెప్పలేదు. ఇక చెప్పదలచుకోలేదు కూడా.

నోరు మూసుకునే మనిషి అంటే యజమానులకు ప్రేమ ఎక్కువ. నెల తిరక్కుండా నన్ను సూపర్‌వైజర్‌ను చేశాడు. ఆ మరుసటి ఏడు వేసవిలో తను కట్టుకుంటున్న కొత్త ఇంటికి పలకల లెక్క నన్నే కట్టమన్నాడు.

ఇల్లు ఊరి బయట, రెండంతస్తులు. తెరుచుకునే కిటికీ ఒక్కటి లేదు, అన్నీ బిగించిన అద్దాలే. నేను టేపు పట్టుకుని తిరుగుతుంటే ఆయన వెనకాలే తిరిగాడు. నేను ఫారం తీసి, "సార్, కార్డుల ఎన్ని పేర్లున్నయి?" అని అడిగాను.

నవ్వాడు. "కార్డు ఎందుకు? తొమ్మిది పేర్లున్నయి అండ్ల. పోయిన మా నాయిన పేరు గూడ ఉన్నది. ఇక్కడ ఉండేది ముగ్గురం. గంటల లెక్క రాసుకో. పొద్దున తొమ్మిది నుంచి ఏడు దాకా నేనుండ. నా భార్య కాలేజీకి పోతది. మధ్యాహ్నం అమ్మ ఒక్కతే. అమ్మ గదికి ఒక్క పలక చాలు. అది గూడ చిన్నది వెయ్యి."

ఎవరు ఏ గంటలో ఇంట్లో ఉంటారో! ఎంత శ్రద్ధ! ఎంత ముద్దు! మా చెల్లెలి ఇంటికి ఈ లెక్క ఎందుకు రాలేదురా నీకు అని పీక పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. బుద్ధిగా రాసుకున్నాను.

"మొత్తం ఎన్ని అయితయి?"

"అయిదు సార్."

అయిదే సరైన లెక్క. నేను బిగించింది పద్నాలుగు. ఆయన కంపెనీ ఫారం, ఆయన రేషన్ కార్డు, తొమ్మిది పేర్లు. ఆయన ప్రతి ఇంటికీ పెట్టిన సూత్రమే ఆయన ఇంటికీ పెట్టాను. అణా పైసా తేడా లేదు. పలకలు గోడ లోపల ఉంటాయి, పైన పూత పూస్తారు, మూతలు లాగే సందులు మాత్రం బయటికి కనిపిస్తాయి. మూతలు తీసేదాకా అవి నిద్రపోతుంటాయి. మూడు వంటింటి గోడలో పెట్టాను, నాలుగు వాళ్లమ్మ గదిలో, మిగతావి తక్కిన గదుల్లో.

గృహప్రవేశానికి ముహూర్తం మే పద్దెనిమిది, పొద్దున పదకొండూ పది. ఆయనే ఎంచుకున్నాడు, బయట మంటలు పుట్టే వేళ జనాన్ని లోపలికి పిలిచి చల్లదనం చూపించాలని. బయట షామియానా, రెండు వందల మంది, మా డీలర్లు, ఊరి పెద్దలు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న విలేకర్లు. పాలు పొంగాక అందరూ లోపలికి రావాలి, ఆ తర్వాత భోజనాలు. నేను తొమ్మిది గంటలకే వెళ్లి పద్నాలుగు మూతలూ తీసి, వాటిని నా వ్యానులో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

వంటింట్లో పొయ్యి ముందు పీట వేశారు. పీట మీద విద్యాధర్ తల్లి అనసూయమ్మ. ఎనభై ఏళ్లుంటాయి. పాలు తన చేత్తోనే పొంగించాలని ఆవిడ పట్టు. పంతులు మంత్రం అందుకున్నాడు. ఆవిడ కొత్త గిన్నెలో పాలు పోసి గ్యాసు వెలిగించింది. విద్యాధర్, ఆయన భార్య, పంతులు, ఒక విలేకరి, గుమ్మం దగ్గర నేను. అంతే ఉన్నాం లోపల.

పది నిమిషాలయింది. పాలు పొంగలేదు. పావుగంటకు గిన్నెలో వేలు పెట్టి చూసి, "గోరువెచ్చ గూడ లేవేందిరా?" అంది పెద్దావిడ.

"సిలిండర్ల ఏమన్న తేడా ఉన్నట్టున్నది" అన్నాడు విద్యాధర్. సిలిండరు మార్చారు. మంట నీలంగా బాగానే లేస్తోంది, గిన్నె అడుగున మాత్రం వేడి నిలవడం లేదు. "ఇదంత కాదు, కుంపటి తేండ్రి. బొగ్గుల ఊరు మనది, బొగ్గుకు కొదవా?" అంది ఆవిడ. వంటవాళ్ల దగ్గర ఎర్రగా రాజుకున్న కుంపటి తెచ్చి పెట్టారు. అందరం చూస్తుండగానే ఎర్రటి నిప్పులు బూడిద రంగుకు తిరిగి, నల్లబడి ఊరుకున్నాయి. పంతులు మంత్రం ఆపేశాడు. ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

అప్పుడు విద్యాధర్ తల తిప్పి నా వైపు చూశాడు. అర్థమైంది వాడికి. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎన్ని పెట్టినవ్?"

"పద్నాలుగు సార్. కార్డు లెక్క. మీ ఫారమే."

"మూతలేవి?"

"నా దగ్గర ఉన్నయి. బయట అందరూ ఉన్నరు గదా. పలకలు ఎక్కువైతే ఏం చేస్తయో మీ నోటితోని చెప్పున్రి. చెప్పిన మరుక్షణం మూతలు పెడుత."

చెబితే కంపెనీ ఉండదు. ఊళ్లో వేల గోడల్లో ఉన్నాయి ఆ పలకలు. నా మాట విననట్టే తల్లి దగ్గరికి వెళ్లి, "అమ్మా, లే. గ్యాసు వాసన వస్తున్నది, బయట కూసుందువు" అన్నాడు.

"నాకు ఏ వాసనా వస్తలేదు. పాలు పొంగకుంట పీట మీదికెల్లి లేస్తే ఇంటికి అరిష్టం. మా అత్త నాకు చెప్పింది అదే. నువ్వు పోయి వచ్చినోళ్లను అర్సుకో. ఈ రాత్రి గూడ నేను ఇండ్లనే పండుకుంట. కొత్తిల్లు ఒంటిగ ఉండొద్దు" అంది ఆవిడ.

"వీధి తలుపు తెరవండి!" అని అరిచాడు విద్యాధర్. తెరిచారు. వడగాడ్పు హాల్లోకి వచ్చి, వంటింటి దాకా రాకుండానే చల్లబడిపోయింది. పంతులు పంచె ఎగ్గట్టుకుని బయటికి పరుగెత్తాడు. విలేకరి మాత్రం వణుకుతూనే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. విద్యాధర్ వెళ్లి తల్లి రెక్క పట్టి లేపబోయాడు. ఆవిడ విదిలించి కొట్టింది. "పెద్దముండను, నా మాటంటే లెక్క లేదారా?" అని కసిరింది. ఆయన మళ్లీ నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ వణుకు ఆగిపోయింది.

నేను చూశాను. పైట సర్దుకుంటున్న చెయ్యి మెల్లగా ఒళ్లోకి జారింది. ముఖం మీద ఒక చిరునవ్వు వచ్చింది. "ఎంత సల్లగున్నదిరా... నిద్రొస్తున్నది. జరంత ఈ గోడకు ఒరుగుత బిడ్డా" అంది. అబద్ధం చెప్పను. అప్పుడు నా కాళ్లు కదలబోయాయి. ఈవిడ నాకేం చేసింది పాపం అనిపించింది. అంతలోనే మా చెల్లెలు ఎవరికేం చేసిందని ఇంకో మాట లోపల్నుంచి లేచింది. నిలబడ్డాను. ఒక నిమిషం నిలబడ్డాను. ఆ నిమిషం నా బతుకులో ఎప్పటికీ నాదే, ఎవరి మీదా తోయను.

"పండుకోవద్దమ్మా!" అని బొబ్బ పెట్టాడు విద్యాధర్. షామియానా దాకా వినిపించింది. "పండుకుంటే లేవవు! పలకలు ఎక్కువైనయి. ఇంట్ల వేడి అయిపోతే మనిషి ఒంట్ల వేడి తాగుతయి. నిద్రల పానం పోతది! అమ్మా, లే!"

విలేకరి ఫోను ఆయన ముఖం మీదే ఉంది. నేను తాళంచెవి విప్పుకుంటూ వ్యానుకు పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి నలుగురు కలిసి ఆవిడను పీటతో సహా ఎత్తి ఎండలోకి తెచ్చారు. కోడలు అరికాళ్లు రుద్దుతోంది. నేను లోపలికి వెళ్లి పద్నాలుగు మూతలూ పెట్టి వచ్చాను. నలభై ఆరు డిగ్రీల ఎండలో, నాలుగు శాలువాలు కప్పుకుని, ఆవిడ అప్పటికి కళ్లు తెరిచింది. మళ్లీ వణకడం మొదలుపెట్టింది. హమ్మయ్య అనుకున్నాను, నిజం.

రెండు వందల మంది చుట్టూ ఉన్నారు. డీలర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరెవరి ఇంట్లో ఎన్ని పెట్టించామా అని లెక్కలు వేసుకుంటున్నట్టున్నారు. ఒకడు అప్పుడే ఇంటికి ఫోను చేసి, "పిల్లల్ని బయటికి తీస్కరా, ముందు తీస్కరా" అంటున్నాడు.

అనసూయమ్మ కొడుకు వైపు చూసింది.

"నిద్రల పానం పోతదంటివి. నీకెట్ల తెలుసు బిడ్డా?"

విద్యాధర్ ఆవిడ శాలువా సర్దబోయాడు. ఆవిడ అడిగిందే మళ్లీ అడిగింది. ఆయన తల వంచుకున్నాడు.

"నేను చెప్తనమ్మా" అన్నాను. "ఈయనకు నాలుగేండ్ల సంది తెలుసు. పోయినేడు మే నెలల నా చెల్లెలు స్వరూప, ముప్పై ఒక్క ఏండ్లు, తన మంచం మీద ఇట్లనే ఒరిగింది. దాని ఇంటికి రెండు పలకలు చాలు. నాలుగు పెట్టిన్రు. వడదెబ్బ అని కాగితం రాసిన్రు."

కొడుకు దగ్గరికి రాబోతే ఆవిడ చేత్తో వద్దని ఆపింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపుకు నేను సిద్ధంగా లేను.

"నీ చెల్లె ఎట్ల పోయిందో నీకెరుక. ఎరుకై గూడ నన్ను అండ్ల కూసోవెట్టినవు. అవునా?"

రెండు వందల మంది నా వైపు చూశారు. విద్యాధర్ కూడా తల ఎత్తి చూశాడు. ఇదేదో తనకు దొరికిన సందు అనుకున్నాడేమో! తెలుసా అన్న ఈ ప్రశ్నకే కదా ఆయన తల వంచుకున్నది.

"అవునమ్మా" అన్నాను. "తెలిసే కూసోవెట్టిన."